ఒకే నదిలో రెండు గులాబీ రంగులు

నేను బొమ్మలు వేసుకుని బతికే మనిషిని. పిల్లల సైన్సు పుస్తకాలకి జంతువులు, మొక్కలు గీస్తుంటాను. ఏ జీవిని చూసినా నా కంటికి ముందు రంగే ఆనుతుంది, మిగతా సంగతులన్నీ తర్వాత. అమెజాన్ నది మీద వరసగా కొన్ని బొమ్మలు వెయ్యాల్సిన పని పడితే, గీసేముందు ఒకసారి కళ్ళారా చూసి రావాలని పట్టుబట్టి వెళ్ళాను. అక్కడ రెండు జీవులు నన్ను పట్టుకుని వదల్లేదు. ఒకటి బోటో, అంటే ఆ నదిలో బతికే గులాబీ డాల్ఫిన్. రెండోది విక్టోరియా కలువ, ఒక్కో ఆకు రెండు మూడు మీటర్ల వెడల్పు దాకా పెరిగే నీటి మొక్క.

తోడుగా వచ్చిన మా అక్క చర్మవ్యాధుల డాక్టరు. రెండింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన వేస్తానంటే నవ్వేసింది.

"ఒకటి ఈదుతుంది, ఒకటి తేలుతుంది. ఒకటి పాలిస్తుంది, ఒకటి పూస్తుంది. ఇంకేం పోలుస్తావే వీటిలో?"

"రంగు పోలుస్తానక్కా," అన్నాను. అప్పటికి నా దగ్గరున్న జవాబు అదొక్కటే. తెలుసుకుంటూ పోయినకొద్దీ ఆ జవాబే గట్టిపడింది.

ముందు ఆ నీళ్ళ సంగతి చెప్పాలి. బ్రెజిల్‌లో మనౌస్ నగరం దగ్గర రెండు నదులు కలుస్తాయి. రియో నెగ్రో నీళ్ళు నల్లగా ఉంటాయి. అడవిలో కుళ్ళిన ఆకుల సారం దిగి వచ్చిన నలుపు అది. సోలిమోయెస్ నది ఆండీస్ కొండల ఒండ్రుని మోసుకుంటూ బురదరంగులో వస్తుంది. వేగం, వేడి, సాంద్రత వేరు వేరు కావడంతో రెండు నీళ్ళూ కొన్ని కిలోమీటర్ల దూరం కలవకుండా పక్కపక్కనే పారతాయి. చూడ్డానికి బాగుంటుంది, ఫోటోలు అందరూ తీసుకుంటారు. నాకు మాత్రం ఆ రంగుల గీత కన్నా నీటి మట్టం పెద్ద విడ్డూరంగా తోచింది. ఏటా వానలకీ ఎండలకీ మధ్య ఇక్కడ నది సుమారు పది మీటర్లు పైకి లేచి మళ్ళీ దిగుతుంది. ఎండాకాలంలో జనం నడిచే నేల మీద వానాకాలంలో చేపలు తిరుగుతాయి. మేం వెళ్ళింది జూన్‌లో, నీళ్ళు బాగా ఎక్కి ఉన్న రోజుల్లో. పడవ చెట్ల మధ్య నుంచి పోతుంటే చేతికి తగిలే కొమ్మ చెట్టు నెత్తిన ఉండే కొమ్మ. మొదలు ఎక్కడో కింద, చీకట్లో ఉంది.

ఈ లేచి దిగే నీళ్ళే బోటోనీ కలువనీ ఇలా మలిచాయి. ఒకే ఇంటికి రెండు జీవులూ రెండు రకాలుగా అలవాటు పడ్డాయి.

బోటోని చూడ్డం అనుకున్నంత సులువు కాదు. సముద్రపు డాల్ఫిన్లలా ఎగిరి గంతులు వెయ్యదు. ఆ నదిలోనే టుకుషీ అనే చిన్న బూడిదరంగు డాల్ఫిన్ ఉంది. అది ఎగురుతుంది, కాబట్టి కెమెరాలన్నీ దాని వైపే తిరుగుతాయి. బోటో వచ్చినట్టు ముందు చెవికే తెలుస్తుంది. ఇంజను ఆపి కూర్చుంటే ఎక్కడో పక్కన 'ఫుస్' మని గాలి వదిలిన చప్పుడు. తల తిప్పేసరికి ఉబ్బెత్తు నుదురు, దాని వెనక పొడుగ్గా సాగిన వీపు, అంతే, మాయం. మళ్ళీ ఎక్కడ లేస్తుందో ఊహించి అటు చూస్తే ఇటు లేస్తుంది. పడవ నడిపే కుర్రాడు మా ఇద్దరి మెడలు తిరగడం చూసి చాలాసేపు నవ్వుకున్నాడు.

ఒకటి మాత్రం పడవ పక్కకే వచ్చి, తేలుతున్న గడ్డి దుబ్బు దగ్గర కాసేపు మసిలింది. సన్నగా పొడుగ్గా ఉన్న మూతి మీద పొట్టి పొట్టి వెంట్రుకలు మొలిచి ఉన్నాయి. కన్ను చిన్నది, ఉందా అన్నట్టు ఉంది. వీపు మీద బూడిదరంగు ఇంకా మిగిలి ఉంది. పక్కలకి దిగేసరికి అది మచ్చలు మచ్చలుగా విడిపోయి కింద అంతా గులాబీ. ఆ గులాబీ కూడా ఒకే తీరున లేదు. కొన్నిచోట్ల పాలిపోయింది, కొన్నిచోట్ల అప్పుడే గోకినంత ఎర్రగా ఉంది. దాని మీద పక్కపక్కనే సాగిన సన్నటి గీతలు, ఎవరో దువ్వెనతో గీరినట్టు. రెక్క అంచు రెండుచోట్ల చిరిగి ఉంది.

అక్క ఫోనులో తీసిన ఫోటోని పెద్దది చేసి చూసింది. "ఇది పుట్టుకతో వచ్చిన రంగు కాదే. మానిన గాయాలు. కొత్త చర్మం వేసింది కానీ రంగు తిరిగి రాలేదు," అంది. ఆ మాట చాలావరకు నిజమే. బోటో పుట్టినప్పుడు బూడిదరంగులో ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ బూడిద తరుగుతుంది. మగవాటిలో గులాబీ మరీ ఎక్కువ. ఎందుకంటే అవి ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఆ గీతలు పళ్ళ గాట్లు. గాటు మానినచోట గులాబీ చర్మం మిగులుతుంది. కొట్లాట మీద కొట్లాట, మచ్చ మీద మచ్చ, అలా ఏళ్ళ తరబడి పోగుపడి ముసలి మగ బోటో దాదాపు ఒళ్ళంతా గులాబీ అయిపోతుంది. చర్మం కింద రక్తనాళాలు దగ్గరగా ఉండడంతో, బాగా ఆయాసపడినప్పుడు ఆ రంగు ఇంకాస్త ముదురుతుంది కూడా. మగవి ఆడవాటికన్నా పొడుగులో 16 శాతం, బరువులో 55 శాతం ఎక్కువని కొలిచి చెప్పారు. పెద్ద మగది రెండున్నర మీటర్ల పొడుగు, రెండు వందల కిలోల బరువు దాకా ఉంటుంది. డాల్ఫిన్లలో ఆడా మగా మధ్య ఇంత తేడా మామూలుగా ఉండదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. మగ బోటోలు నోటితో ఎండుకొమ్మనో, గడ్డిపోచల కట్టనో, గట్టిపడ్డ బంకమట్టి ముద్దనో పట్టుకుని నీటి పైకి ఎత్తి చూపిస్తాయి, విసురుతాయి, నీళ్ళని బాదుతాయి. మొదట్లో ఆట అనుకున్నారు. బ్రెజిల్ అమెజాన్‌లోని మామిరావా అభయారణ్యంలో ఏళ్ళ తరబడి బోటోలని గమనించిన టోనీ మార్టిన్, వేరా ద సిల్వా బృందం 2008లో తేల్చిందేమిటంటే, ఇది చేసేవి దాదాపు అన్నీ పెద్ద మగవే, అదీ చుట్టుపక్కల ఆడవి ఉన్నప్పుడే. మగవాటి మధ్య కొట్లాటలు పెరిగేదీ అప్పుడే. ఒళ్ళంతా గాట్లు పడ్డ ఓ మగ డాల్ఫిన్ నోట్లో గడ్డి కట్ట పట్టుకుని నిలబడే బొమ్మ వెయ్యాలని నాకు చెయ్యి లాగుతోంది. పిల్లల పుస్తకంలో అలాంటి బొమ్మకి ప్రచురణకర్తలు ఒప్పుకుంటారో లేదో చూడాలి.

ఇంక ఒళ్ళు. మునిగిన అడవిలో తిరగాలంటే చెట్ల మధ్య సందుల్లో మలుపులు తిరగాలి. మిగతా డాల్ఫిన్లలో చాలావాటికి మెడ ఎముకలు కలిసి అతుక్కుపోయి ఉంటాయి, మెడ తిరగదు. బోటోకి అవి విడివిడిగా ఉంటాయి, తలని పక్కకి దాదాపు లంబకోణంలో తిప్పగలదు. వీపు మీద నిటారు రెక్క లేదు, తక్కువ ఎత్తు గట్టు ఒకటే ఉంది, కొమ్మలకి తగులుకోదు. పక్క రెక్కలు పెద్దవి, ఒక్కోదాన్ని వేరుగా తిప్పుతూ వెనక్కి కూడా ఈదగలదు. పళ్ళు కూడా రెండు రకాలు: ముందువి పట్టుకోవడానికి మొనదేరి, వెనకవి నమలడానికి మన దవడ పళ్ళలా. పీతల్నీ, పెంకు గట్టిగా ఉన్న చేపల్నీ ఆ వెనక పళ్ళతో నలిపేస్తుంది. పిరానాలని కూడా తింటుంది. వరద ఎక్కినప్పుడు ఆడవీ పిల్లలూ అడవి లోపలికి, మెల్లగా కదిలే నీళ్ళలోకి వెళ్ళిపోతాయి. మగవి ఎక్కువగా పెద్ద కాలవల దగ్గరే ఉంటాయి. అంటే గులాబీ బయట, బూడిద లోపల.

బోటో వంగడం నేర్చుకుంటే, కలువ పరుచుకోవడం నేర్చుకుంది.

విక్టోరియా కలువ ఆకుని పైనుంచి చూసినవాళ్ళు సగమే చూసినట్టు. పైన పచ్చగా, చదునుగా, అంచు పైకి మడిచిన ఓ పెద్ద తాంబాళంలా ఉంటుంది. నీటికోళ్ళు దాని మీద పొడుగాటి వేళ్ళతో నడుచుకుంటూ పురుగులు ఏరుకుంటాయి. కుర్రాడు తెడ్డు మొనతో ఒక పాత ఆకు అంచుని పైకెత్తి అడుగు చూపించాడు. ఒక్కసారిగా వేరే మొక్క అనిపించింది. ముదురు ఊదారంగు. నడుమ నుంచి లావుపాటి ఈనెలు నలువైపులా పాకి, వాటిని కలుపుతూ అడ్డ ఈనెలు, మధ్యలో గదులు గదులుగా గాలి నిలిచే చోటు. ఈనెల మీద ముళ్ళు, చిన్నా చితకా ముళ్ళు కావు, వేలి కొసన గుచ్చుకుంటే రక్తం వచ్చేవి. చేపలూ ఇతర జీవులూ కింద నుంచి కొరక్కుండా ఈ కాపలా అని చెబుతారు. అంచులో ఒకదానికొకటి ఎదురుగా రెండు గండ్లు ఉంటాయి, వాన నీళ్ళు నిలవకుండా అక్కణ్ణుంచి జారిపోతాయి. లేత ఆకు ముళ్ళ ఉండలా నీళ్ళలోంచి లేచి, విప్పుకుంటూ పక్కనున్న మొక్కలన్నిటినీ అవతలికి నెట్టేస్తుంది. మంచి రోజుల్లో ఒక్క రోజులో అరమీటరు దాకా వెడల్పు పెరుగుతుంది. కాడ ఏడెనిమిది మీటర్లు సాగుతుంది, నది లేచినంత మేర ఆకుని పైకి అందించాలి కదా.

ఇంకో పోలిక ఇక్కడ దొరికింది, నాకు బాగా నచ్చినది. రెండూ నీళ్ళలోనే బతుకుతాయి, రెండింటికీ గాలి కావాలి, రెండూ పై నుంచే తీసుకుంటాయి. బోటో ముక్కు నడినెత్తిన ఉంటుంది. కలువ ఆకు గాలి పీల్చే రంధ్రాలు పై ముఖాన ఉంటాయి, మామూలు ఆకులకి ఎక్కువగా అడుగున ఉండేవి. రెండూ నీటికీ ఆకాశానికీ మధ్య ఉన్న ఆ పలచటి పొరని పట్టుకుని బతుకుతున్నాయి.

పువ్వు కోసం సాయంత్రం దాకా ఆగాం. దోమలు పీక్కుతిన్నాయి. అక్క కాళ్ళకీ చేతులకీ మందు రాసుకుని, నాకు రాసి, కుర్రాడికి కూడా రాయబోతే వాడు సిగ్గుపడి వద్దన్నాడు. సూర్యుడు దిగుతుంటే ఒక మొగ్గ విచ్చుకోవడం మొదలైంది. మొగ్గ బయటి రేకలకీ ముళ్ళే. లోపలి రేకులు తెల్లగా, ఒకదాని వెనక ఒకటి, లెక్కలేనన్ని. విచ్చుకుంటూనే వాసన కొట్టింది, మగ్గిన అనాస వాసన, నీటి మీద గాలి లేకపోయినా పడవ దాకా వచ్చింది. కుర్రాడు పడవని దగ్గరికి జరిపితే పువ్వు నడిమి గిన్నెలో వేలు పెట్టాను. వెచ్చగా ఉంది. నిజంగా వెచ్చగా, బయటి గాలి కన్నా స్పష్టంగా తెలిసేంత. ఆ మొదటి రాత్రి పువ్వు లోపల వేడిని పుట్టిస్తుంది, బయటికన్నా పది డిగ్రీల దాకా ఎక్కువ. ఆ వేడే వాసనని గాలిలోకి ఎగదోస్తుంది.

ఆ వాసనకి సైక్లోసెఫాలా అనే ప్రజాతి పెంకుపురుగులు వస్తాయి. మేం చూస్తుండగానే ఒకటి 'టప్' మని రేకు మీద పడి, తడబడుతూ లోపలికి పాకింది. కాసేపటికి ఇంకొకటి. లోపల వాటికి తిండి సిద్ధంగా ఉంటుంది, పిండిపదార్థం నిండిన మెత్తటి ముక్కలు. పువ్వు అప్పుడు ఆడపువ్వు. వచ్చిన పురుగు ఒంటిమీద వేరే పువ్వు పుప్పొడి ఉంటే అది ఇక్కడ అంటుకుంటుంది. తర్వాత పువ్వు మూసుకుంటుంది, పురుగులు లోపలే ఇరుక్కుపోతాయి. మర్నాడు పగలంతా తలుపులు మూసే ఉంటాయి. లోపల పురుగులు తింటూ ఉంటాయి, పువ్వు మారుతూ ఉంటుంది. రెండో సాయంత్రం మళ్ళీ విచ్చుకునేసరికి అది గులాబీ పువ్వు, అప్పుడది మగపువ్వు. పుప్పొడి రాలుతుంది, వాసన ఉండదు, వేడి ఉండదు. జిగురు ఒంటికి పుప్పొడి అద్దుకుని బయటికొచ్చిన పురుగులు ఇంకో తెల్లపువ్వు వాసన పట్టుకుని ఎగిరిపోతాయి. గులాబీ పువ్వు నీళ్ళలోకి మునిగిపోతుంది, కాయ నీటి అడుగునే ముదురుతుంది. ఈ తంతునంతా మనౌస్ దగ్గరే గమనించి గిలియన్ ప్రాన్స్, జార్జి అరియాస్ అనే పరిశోధకులు 1975లో రాశారు. వాళ్ళకెన్ని దోమలు కుట్టి ఉంటాయో.

ఇప్పుడు మళ్ళీ రంగు దగ్గరికి రండి. బోటో బూడిద నుంచి గులాబీకి మారుతుంది, గులాబీ ముదిరేది మగవాటిలో. కలువ తెలుపు నుంచి గులాబీకి మారుతుంది, గులాబీ అయ్యేది మగదశలో. రెండుచోట్లా గులాబీ చివరికొచ్చే రంగు. ఆడపిల్లల బట్టలకి అంటగట్టిన రంగుని ఆ నది ఇలా వాడుకుంటోందని తెలిసి నేనూ అక్కా చాలాసేపు నవ్వుకున్నాం. తేడా మాత్రం కాలంలో ఉంది. బోటోకి ఆ రంగు రావడానికి ఏళ్ళూ, గాట్లూ పడతాయి. కలువకి ఒక్క పగలు చాలు, పైగా దానికి ఎవరూ గాయం చెయ్యక్కర్లేదు. అందుకే రెండింటికీ ఒకే గొట్టంలోంచి రంగు తీసినా వేసే తీరు మారింది. కలువకి తడి కాగితం మీద ఒకే ఊపులో పరిచాను, అంచులు వాటంతటవే కలిసిపోయాయి. బోటోకి ముందు బూడిద వేసి, ఆరనిచ్చి, పొడి కుంచెతో పైపైన గీరుకుంటూ పొర మీద పొర గులాబీ ఎక్కించాను. తొందరపడితే కుదరదు ఆ ఒళ్ళు.

ఈ రెండింటి మీదా అక్కడి జనానికి కథలున్నాయి, అవి కూడా ఒకదానికొకటి తిరగేసినట్టుంటాయి. జూన్ పండగల రాత్రుళ్ళు బోటో తెల్లసూటు వేసుకున్న అందగాడై ఒడ్డుకొస్తాడట. నడినెత్తిన ఉన్న ముక్కురంధ్రం కనిపించకుండా టోపీ పెట్టుకుంటాడట. ఆడి, పాడి, ఒక అమ్మాయి మనసు దోచి తెల్లారకముందే నదిలోకి వెళ్ళిపోతాడు. తండ్రెవరో చెప్పలేని బిడ్డని బోటో బిడ్డ అంటారు. కలువ కథలో అమ్మాయి పేరు నాయియా. చందమామ మీద మనసు పడి, నీటిలో అతని నీడని చూసి దూకి మునిగిపోతుంది. చందమామ జాలిపడి ఆమెని నీటి మీద నక్షత్రంగా, అంటే ఈ కలువగా మారుస్తాడు. ఒక కథలో నదిలోంచి మగాడు బయటికొస్తాడు, ఇంకో కథలో ఆడపిల్ల నదిలోకి పోతుంది. రెండు కథల్లోనూ నష్టపోయేది ఆడపిల్లే.

అక్కకి బోటో కథ నచ్చలేదు. "ఎవడో వెధవ చేసిన పనికి టోపీ పెట్టి నదిలోకి తోసేశారు, పాపం ఆ జంతువు నోరెత్తి చెప్పలేదు కాబట్టి," అంది. ఒక్కటి మాత్రం ఉంది. బోటోలో మనిషో మాయో ఉందన్న భయం వల్ల దాన్ని చంపితే కీడు అని చాలామంది జోలికి పోయేవాళ్ళు కాదు. ఆ భయం ఉన్నన్నాళ్ళూ అది దానికి రక్ష.

పేర్ల సంగతి మాత్రం రెండింటికీ ఒకేలా జరిగింది, యూరప్‌లో ఎవరో పెట్టారు. కలువని 1801లో తదేయాష్ హెంకే అనే వృక్షశాస్త్రజ్ఞుడు చూశాడు, 1832లో పోపిగ్ అనే ఇంకో వృక్షశాస్త్రజ్ఞుడు వర్ణించి అమెజానికా అన్నాడు. 1837 జనవరిలో షాంబర్గ్ అనే అన్వేషకుడు గయానాలో బెర్బీస్ నది మీద చూసి మోజుపడి రాసి పంపితే, లండన్‌లో లిండ్లీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానికి రాణి విక్టోరియా పేరు తగిలించాడు. బోటో నమూనా ఒకటి పోర్చుగల్ మ్యూజియంలో ఉండేది. నెపోలియన్ సైన్యం లిస్బన్‌ని పట్టుకున్నప్పుడు జొఫ్రుయా సెంతిలేర్ అనే ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు దాన్ని పారిస్ తీసుకుపోయాడు. 1817లో బ్లాంవిల్ అనే ఇంకో ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు దాన్ని వర్ణించి, జొఫ్రుయా పేరే పెట్టాడు. ఒకదానికి రాణి పేరు, ఒకదానికి ఎత్తుకెళ్ళినాయన పేరు. ఇంగ్లండ్‌లో ఈ కలువని మొదటిసారి 1849లో పూయించిన తోటమాలి జోసెఫ్ ప్యాక్స్‌టన్, తన కూతుర్ని ఆకు మీద నిలబెట్టి చూపించాడు. రెండేళ్ళకి క్రిస్టల్ ప్యాలెస్ అనే అద్దాల మేడ కట్టినప్పుడు ఆ ఆకు ఈనెల అమరికే తనకి ఆదర్శమన్నాడు.

కథ అక్కడితో అయిపోలేదు. లండన్‌లోని క్యూ అనే వృక్షోద్యానంలో 177 ఏళ్ళుగా పడి ఉన్న ఎండు నమూనా వేరే జాతిదని 2022లో తేలింది, దానికి విక్టోరియా బొలీవియానా అని పేరు పెట్టారు. దీని ఆకు అన్నిటికన్నా పెద్దది, 3.2 మీటర్లు. ఆ పరిశోధనలో లూసీ స్మిత్ అనే ఆమె ఉన్నారు. ఆమె మొక్కల బొమ్మలు వేసే చిత్రకారిణి. బొమ్మ వెయ్యడానికి అంత దగ్గరగా చూసేవాళ్ళకే కనబడే తేడాలు కొన్ని ఉంటాయి. నాకు సంతోషం, కొంచెం అసూయ కూడా. తమాషా ఏమిటంటే బోటోకి కూడా బొలీవియాలో దగ్గరి చుట్టం ఉంది. మదీరా నది జలపాతాలకి ఎగువన ఉండే ఆ డాల్ఫిన్లు వేరే జాతా, ఉపజాతా అని ఇంకా వాదులాడుకుంటున్నారు.

ఇంతవరకు పోలికలే చెప్పాను. ఒకచోట మాత్రం రెండింటి దారులూ పూర్తిగా విడిపోతాయి, అదే నాకు ఎక్కువ దిగులు. నీళ్ళు తగ్గినప్పుడు ఏమవుతుంది అన్నది.

మనౌస్ రేవులో 1902 నుంచీ రియో నెగ్రో మట్టం కొలుస్తున్నారు. 2021 జూన్‌లో 30.02 మీటర్లు, అప్పటిదాకా అంత ఎత్తు చూడలేదు. 2023 అక్టోబరులో 12.70 మీటర్లు, అప్పటిదాకా అంత దిగడం చూడలేదు. 2024లో దానికన్నా కిందికి పోయింది. చెరువు ఎండినప్పుడు కలువ చచ్చిపోతుంది. తాంబాళాలు బురద మీద పడి నల్లబడి కుళ్ళిపోతాయి. చూడ్డానికి ఘోరంగా ఉన్నా కలువకి అది మామూలే, నీళ్ళు పూర్తిగా దిగే చోట దాని బతుకే అంత. బఠాణీ గింజంత గింజలు బురదలో ఉంటాయి. నీళ్ళు తిరిగొస్తే మొలకెత్తి, కొన్ని నెలల్లో మళ్ళీ చెరువంతా పరుచుకుంటుంది. ఆ గింజల్ని వేయించుకుని తింటారు కూడా, నీటి మొక్కజొన్న అని పిలుస్తారు.

బోటోకి బురదలో దాచుకోవడానికి ఏమీ లేదు. 2023 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అమెజాన్ ప్రాంతంలోనే ఉన్న టెఫే సరస్సులో నీళ్ళు లోతు తగ్గి, 39 డిగ్రీలు దాటి మరిగాయి. మామిరావా పరిశోధన సంస్థ వాళ్ళు అక్కడే ఉన్నారు కాబట్టి లెక్కపెట్టగలిగారు: కొన్ని వారాల్లో 150కి పైగా డాల్ఫిన్లు చచ్చి తేలాయి, ఎక్కువ బోటోలే. తల్లి ఒక్కసారికి ఒక్క పిల్లనే కంటుంది, కడుపులో ఏడాది పాటు మోస్తుంది, తర్వాత ఏళ్ళ తరబడి పాలిచ్చి వెంట తిప్పుకుంటుంది. మళ్ళీ కనడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. చచ్చిన నూటయాభైకి బదులు పుట్టడానికి ఎంత కాలం కావాలో లెక్కేసుకోవచ్చు.

ఎండ ఒక్కటే కాదు. పిరాకటింగా అనే మాంసం తినే చేపని పట్టడానికి బోటోని చంపి ఎరగా వాడే పద్ధతి పాకింది. కీడన్న పాత భయం డబ్బు ముందు నిలవలేదు. బ్రెజిల్ 2015 నుంచి ఆ చేప పట్టడాన్నే ఆపింది. అయినా చేపల వలల్లో చిక్కుకుని చచ్చేవి ఉండనే ఉన్నాయి. మామిరావాలో 1994 నుంచి 2017 దాకా వేసిన లెక్కల ప్రకారం ప్రతి పదేళ్ళకీ బోటోల సంఖ్య సగానికి పడిపోతోంది. 2018లో వీటిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల పట్టీలో చేర్చారు. రక్షిత ప్రాంతం లోపలే ఇలా ఉంటే బయట ఎలా ఉంటుందని అక్క అడిగింది. కుర్రాడికి మా మాటలు అర్థం కాలేదు కానీ ఫోనులో ఆ అంకె చూపిస్తే తల ఊపాడు.

ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే రెండు మాటలు. మే, జూన్ నెలల్లో వెళ్ళండి, పడవ మునిగిన అడవిలోకి వెళ్తుంది, కలువలూ బాగుంటాయి. పర్యాటకుల పడవలు చాలావరకు పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నానికి తిరిగొచ్చేస్తాయి. ఆ వేళకి పువ్వు మూసుకుని ఉంటుంది, ఆకులు చూసి వచ్చేస్తారు. కాస్త ఎక్కువ డబ్బు ఇచ్చినా సరే, చీకటి పడేదాకా ఉంటామని ముందే మాట్లాడుకోండి. డాల్ఫిన్లకి చేతిలోంచి చేపలు వేసి, వాటితో ఈత కొట్టించే చోట్లు కూడా ఉన్నాయి. మేం అలాంటి ఒకచోటికి వెళ్ళి గట్టు మీద నుంచే వెనక్కి వచ్చేశాం. చేప కోసం బోటోలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం, వాటి మూతి పట్టుకుని జనం ఫోటోలు దిగడం చూడబుద్ధి కాలేదు. ఆ డబ్బుతో ఇంజను ఆపి ఊరికే కూర్చోనిచ్చే పడవవాణ్ణి వెతుక్కోండి. టార్చి పట్టుకెళ్ళండి, పువ్వు మీదకి నేరుగా కాకుండా నీటి మీదకి వెయ్యండి. దోమల మందు మాత్రం మర్చిపోవద్దు.